కళ్లు తెరవగానే తమ్ముడు అడిగింది పోలీసుల గురించే – నా అనుభవం

ఇది రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. "రాయి అక్కా, పేరు వద్దు, ఊరు వద్దు" అని తమ్ముడే అన్నాడు కాబట్టి రాస్తున్నాను. తమ్ముడు ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ఎలా అన్నది మాత్రం రాయను. అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు, చదివేవాళ్లలో ఎవరైనా అదే ఆలోచనలో ఉంటే కీడు కూడా. ఎందుకు చేశాడో ఒక్క ముక్కలో చెప్పలేను, ఒక్క కారణం లేదు. ఆ రాత్రి తర్వాత ఏం జరిగింది, "కేసు" అనే మాటకు భయపడి మేం ఏమేం తప్పులు చేశాం, అదే చెప్తాను.

జూన్ 11, బుధవారం. రాత్రి పదిన్నర దాటాక చూశాను వాణ్ణి. పక్కింటాయన కారులో పది నిమిషాల్లో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి చేరాం. అక్కడ నర్సు నాడి చూసింది, సెలైన్ కూడా పెట్టబోయింది, ఇంతలో ఎవరో వచ్చి "ఏం జరిగింది" అని అడిగారు. నేను తడబడ్డాను. అంతే, వాళ్లకు అర్థమైపోయింది. "ఇది పోలీస్ కేసమ్మా, మా దగ్గర కుదరదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అంబులెన్స్ పిలిచి ఎక్కించేసరికి 35 నిమిషాలు పోయాయి, దానికి 2,500 రూపాయలు తీసుకున్నారు. డబ్బు సంగతి కాదు, ఆ 35 నిమిషాలు ఇప్పటికీ నా కడుపులో తిప్పుతాయి. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో చెప్పిందని నాకు ఆ రాత్రి తెలీదు. తెలిస్తే గట్టిగా అడిగేదాన్ని.

అంబులెన్స్‌లో ఉండగా మామయ్య ఫోన్. అమ్మ చెప్పిందట. "చూడమ్మా, డాక్టర్లకు పొరపాటున జరిగిందని చెప్పు. వేరే మాట నోట్లోంచి రానివ్వకు. కేసు రాస్తారు, జైలంటారు, రేపు గ్రూప్స్‌లో ఉద్యోగమొచ్చినా వెరిఫికేషన్‌లో ఎగిరిపోతుంది" అన్నాడు. మామయ్య చెడ్డవాడు కాదు. మా అందరికన్నా లోకం తెలిసినవాడని మేం నమ్మేవాళ్లం. తమ్ముడికి 24 ఏళ్లు, మూడేళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది.

పావు తక్కువ పన్నెండుకి ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ. డ్యూటీ డాక్టర్ అడిగితే "పొరపాటున జరిగింది సార్" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, అదే రాసుకున్నారు. అక్కడే నాకు మొదటి షాక్: ప్రమాదమని చెప్పినా ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాశారు! ఇలాంటి వాటన్నిటికీ, ప్రమాదమైనా సరే, మెడికో లీగల్ రిజిస్టర్‌లో రాసి ఆసుపత్రిలోనే ఉండే పోలీస్ అవుట్‌పోస్ట్‌కి కబురు పంపుతారట. ఎమ్మెల్సీ అంటే కేసు పెట్టడం కాదు, కబురు పెట్టడం. అంటే నా అబద్ధం దేన్నీ ఆపలేదు. కానీ ఒక పని మాత్రం చేసింది, మానసిక వైద్యుల్ని పిలవాల్సిన అవసరం లేనట్టు కేస్ షీట్ మీద ముద్ర వేసేసింది. ఆ సంగతి నాకు రెండు రోజులకు గానీ తెలియలేదు.

ఐసీయూ బయట గోడకి ఆనుకుని కూర్చున్నాం. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ "నేను అన్నం దగ్గర ఏమన్నా అన్నానా, ఏమన్నా అన్నానా" అని అదే అడుగుతూ ఉంది తెల్లారేదాకా.

12వ తేదీ పొద్దున 9 గంటలకు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పేషెంటు స్టేట్‌మెంట్ ఇచ్చే స్థితిలో లేడని డాక్టర్ రాసిచ్చారు, వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ మామయ్యతో మెట్ల దగ్గర ఏదో మాట్లాడాడు. మామయ్య అయిదు వేలు ఇచ్చాడని తర్వాత తెలిసింది, "కేసు లేకుండా చూస్తానన్నాడమ్మా" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యాహ్నం వాడికి పూర్తిగా తెలివొచ్చింది. లోపలికి ఒక్కరినే పంపారు, నేను వెళ్లాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నీళ్లు అడుగుతాడేమో అనుకున్నాను. "అక్కా, పోలీసులు వచ్చారా?" అన్నాడు. అదీ మొదటి మాట. ఏదో రకంగా బతికొచ్చిన పిల్లాడు, వాడి కళ్లలో బతికానన్న సంతోషం లేదు, బతికినందుకు బాధ కూడా లేదు, తప్పు చేసి దొరికిపోయినవాడి భయం ఉంది. నేను "లేదు నాన్నా, ఎవరూ రాలేదు" అని ఇంకో అబద్ధం ఆడాను.

ఆ సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వెతికిన ప్రతిచోటా ఐపీసీలో (పాత శిక్షాస్మృతిలో) ఆత్మహత్యాయత్నం నేరమనే సెక్షన్ 309, ఏడాది జైలు అనే ఉంది. ఎప్పటివో పాత రాతలు. ఒకచోట 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ క్రూరమైనదని, చెల్లదని కొట్టేసిందని ఉంది, నా ప్రాణం లేచొచ్చింది, కిందికి వెళ్తే 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జిలు ఆ తీర్పునే తోసిపుచ్చారని ఉంది. బొంబాయి హైకోర్టు 1986లో కొట్టేసిందట, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం ఆ సెక్షన్ సరైనదేనందట. ఇది తీసేయాలని లా కమిషన్ 1971లో చెప్పి, 1997లో ఉంచాలని, మళ్లీ 2008లో 210వ నివేదికలో తీసేయాలని చెప్పింది. ఐసీయూ బయట అర్ధరాత్రి చదువుతుంటే వీటిలో ఏది నా తమ్ముడికి వర్తిస్తుందో అర్థంకాక ఏడుపొచ్చింది. నాకు కావాల్సింది ఒక్కటే, ఇవాళ ఉన్న చట్టం ఏమిటి?

13వ తేదీ శుక్రవారం పొద్దున మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల అన్నయ్య లాయరని నంబరిచ్చింది. పది నిమిషాల ఫోన్, డబ్బు తీసుకోలేదు. ఆయన చెప్పింది ఆసుపత్రి చీటీ వెనక రాసుకున్నాను, అది ఇప్పటికీ నా బ్యాగులో ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 115 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, కాదని రుజువైతే తప్ప 309 కింద విచారించకూడదు, శిక్షించకూడదు. పైగా అలాంటివాళ్లకు వైద్యం, ఆసరా ఇచ్చి మళ్లీ అటువైపు వెళ్లకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత. ఇక 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 309 లాంటి సెక్షనే లేదు. 226 అని ఒకటుంది, అది ప్రభుత్వ అధికారిని తన పని చేయనీకుండా ఆపడానికో, బలవంతంగా చేయించడానికో ప్రాణం తీసుకోబోయినవాళ్లకు. "మీ వాడికీ దానికీ సంబంధం లేదమ్మా. స్టేట్‌మెంట్ తీసుకుంటారు, ఎవరన్నా వేధించారా అని చూస్తారు, అంతే. డాక్టర్ దగ్గర మాత్రం దాచకండి" అన్నారాయన.

ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఏడేళ్ల కిందటే శిక్ష లేకుండా పోయిన దానికి మేం అబద్ధాలాడాం, డబ్బులిచ్చాం, తమ్ముడు ఐసీయూలో పడుకుని వణికాడు.

డాక్టర్‌కి ఎలా చెప్పాలా అని నేను తిరుగుతుంటే ఆవిడే నన్ను పిలిచింది. పీజీ చదువుతున్న చిన్న డాక్టర్, నాకన్నా చిన్నదై ఉంటుంది. కారిడార్ చివరికి తీసుకెళ్లి, "మేడమ్, నేను పోలీస్ కాదు. నాకు కావాల్సింది ఒక్కటే, రేపు ఇతన్ని వార్డులో ఒంటరిగా వదలొచ్చా లేదా. నిజం చెప్పండి" అంది. చెప్పేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "చాలామంది ఇలాగే చెప్తారు" అని కేస్ షీట్‌లో కొత్తగా నోట్ రాసి సైకియాట్రీకి రిఫర్ చేసింది. నా మొదటి అబద్ధానికీ ఆ రిఫరల్‌కీ మధ్య 36 గంటలు. ఆ 36 గంటల్లో మళ్లీ ఏమన్నా జరిగుంటే? వాడి మంచం పక్కన ఏమేం ఉన్నాయో కూడా ఎవరూ చూడలేదు, ఎందుకంటే మేం ప్రమాదమన్నాం.

అదే సాయంత్రం స్టేట్‌మెంట్. ఈసారి హెడ్ కానిస్టేబుల్, పెద్దాయన. జనరల్ వార్డుకి మార్చారు అప్పటికి, చుట్టూ పన్నెండు మంచాలు, అందరూ చెవులు రిక్కించారు. తెర అడిగితే లేదన్నారు, నేనూ అమ్మా చీర కొంగు పట్టుకున్నట్టు దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. ఆయన అడిగినవి: పేరు, వయసు, ఏం చేస్తుంటావు, ఎవరన్నా ఇబ్బంది పెట్టారా, అప్పులున్నాయా, ప్రేమ వ్యవహారమా, ఇంట్లో గొడవలా. మళ్లీ మళ్లీ "ఎవరి మీదన్నా అనుమానముందా" అని. లాయర్‌గారు చెప్పినట్టే, వాళ్లు వెతికేది ఇంకొకరి తప్పు కోసం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చివర్లో "ఇంకెప్పుడూ ఇలా చేయనని రాసి సంతకం పెట్టు" అన్నారు. తమ్ముడు పెన్ను పట్టుకుని చేతులు వణుకుతుంటే రాశాడు, అక్షరాలు గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. ఆయన కఠినంగా ఏం మాట్లాడలేదు, పోతూ వాడి భుజం కూడా తట్టారు. అయినా ఆ కాగితం వాణ్ణి ఎంత చిన్నబుచ్చిందో నేను చూశాను. జ్వరమొచ్చినవాడి చేత ఇంకెప్పుడూ జ్వరం తెచ్చుకోనని రాయించుకుంటామా?

14న శనివారం సైకియాట్రిస్ట్ వచ్చారు. మమ్మల్నందర్నీ బయటికి పంపి నలభై నిమిషాలు వాడితో మాట్లాడారు. ఆ తర్వాత మాతో. ఆయన మాటల్లో రెండు నాకు బాగా నిలిచిపోయాయి. ఆ క్షణంలో మనసు సన్నటి గొట్టంలోంచి చూస్తున్నట్టు అయిపోతుందట, పక్కన ఉన్న దారులేవీ కనబడవు, అమ్మ కనబడదు, రేపు కనబడదు, అలాంటిది ఏడాది జైలని ఒక పుస్తకంలో ఉన్నది కనబడి మనిషి ఆగుతాడా? శిక్ష భయం ముందు ఆపదు, తర్వాత నోరు మూయిస్తుంది. అంతకుముందు ఒకసారి ప్రయత్నించి ఉండటమే మళ్లీ ప్రయత్నించే ప్రమాదానికి అన్నిటికన్నా పెద్ద గుర్తు, అందుకే బయటపడినవాళ్లు దాచుకోకుండా మాట్లాడటం అంత ముఖ్యం. రెండోది, చావాలనీ బతకాలనీ రెండూ ఒకేసారి ఉంటాయట చాలామందిలో. "మీవాడు కావాలని మిమ్మల్ని ఏడిపించలేదమ్మా, నొప్పి ఆగాలనుకున్నాడు" అని అమ్మతో అన్నారు. అమ్మ మూడు రోజుల తర్వాత అప్పుడు ఏడుపు ఆపి నీళ్లు తాగింది.

16న సోమవారం సైకియాట్రీ వార్డుకి మార్చారు. నేను అనుకున్నట్టు తాళాలు వేసి కట్టేసే చోటు కాదు. ఫారం మీద తమ్ముడే సంతకం పెట్టాడు, తనంతట తాను చేరుతున్నట్టు. అక్కడ ఇంకొకటి అడిగారు, నీ తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవర్ని పెట్టుకుంటావు అని. చట్టంలోనే ఉందట అది. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు, వాడు నా పేరు చెప్పాడు. నాన్న ఏమీ అనలేదు, బయటికెళ్లి టీ తెస్తానని వెళ్లి గంటకి వచ్చారు, టీ లేకుండా. ఇప్పటికి కూడా దాని గురించి ఆయన నాతో మాట్లాడలేదు.

23న డిశ్చార్జ్. అంతకుముందు రోజు సైకాలజిస్ట్ వాడి చేత ఒక కాగితం రాయించింది: ఆలోచన వస్తున్నట్టు మొదట తెలిసే గుర్తులేమిటి, అప్పుడు ఒంటరిగా ఏం చేయగలడు, ఎవరికి ఫోన్ చేస్తాడు, ఆసుపత్రి నంబరేమిటి. పోలీసులు రాయించిన కాగితానికీ దీనికీ ఎంత తేడా! దీన్ని వాడే మడిచి పర్సులో పెట్టుకున్నాడు. మాకు వేరే జాబితా ఇచ్చారు, ఇంట్లోంచి ఏమేం తీసేయాలి, మందులు ఎవరి దగ్గర తాళంలో ఉండాలి, ఒక్కసారికి ఎన్ని రోజుల మందులే కొనాలి అని. డిశ్చార్జ్ అయిన మొదటి వారాలే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజులని పదేపదే చెప్పారు. ఇంటికొచ్చేశాం కదా, గండం గడిచిందని మనం అనుకుంటాం. కాదు.

ఖర్చు చెప్తాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు ఎవరూ రాయలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పడక, ఐసీయూ, వైద్యం ఉచితం. బయట రాసిన మందులు, పరీక్షలకు 6,800. అంబులెన్స్ 2,500. మామయ్య ఇచ్చిన 5,000. తర్వాత ప్రైవేటుగా సైకాలజిస్ట్ దగ్గర ఎనిమిది సార్లు, సారికి 1,000. నాకు 19 రోజుల సెలవు, అందులో 11 రోజులకు జీతం కట్. మందులు పనిచేయడం కనబడటానికి నాలుగు వారాలు పట్టింది, ఆ నాలుగు వారాలు మేం వంతులేసుకుని రాత్రిళ్లు మేల్కొన్నాం. జూలైలో ఒక రాత్రి రెండింటికి వాడు కాదు, నేను ఉండలేకపోయాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగు ఎంచుకోవచ్చు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. అవతల ఒకావిడ నేను ఏడ్చినంతసేపూ ఆగింది.

పొద్దున ఆ సంగతి తమ్ముడికి చెప్తే, కాసేపు ఊరుకుని, "ఆ నంబరు నా దగ్గరుండేది అక్కా. మే నెలలో ఒకసారి డయల్ చేసి రింగవుతుంటే కట్ చేశాను. పోలీసులకి తెలుస్తుందేమో, కేసవుతుందేమో అని" అన్నాడు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఎవరూ మమ్మల్ని జైల్లో పెట్టలేదు, నిజమే. కానీ లేని చట్టం భయంతో ఆ పిల్లాడు ఒక ఫోన్ కట్ చేశాడు.

జూలై 8న స్టేషన్ నుంచి పిలుపు, సంతకం కావాలని. సెక్షన్ 115 ప్రింట్ తీసుకుని తమ్ముడితో వెళ్లాను, గుండె దడదడలాడుతోంది. అక్కడి ఎస్‌ఐ కాగితం చూసి "తెలుసమ్మా, దాచుకోండి" అన్నారు. కూర్చోమని కుర్చీ వేయించారు. ఎఫ్‌ఐఆర్ లేదు, జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ పుస్తకంలో రాసి ముగించేశామన్నారు. కేసు లేదని ఒక ఉత్తరం ఇవ్వమంటే, లేని కేసుకి ఉత్తరం ఎలా ఇస్తామన్నారు. అది కూడా న్యాయమే అనిపించింది. మరి అయిదు వేలు దేనికి తీసుకున్నట్టు అని అడగాలనుకున్నాను, తమ్ముడు నా చెయ్యి నొక్కాడు, ఊరుకున్నాను. లాయర్‌గారిని మళ్లీ అడిగాను: ఉద్యోగం ఫారంలో "మీ మీద క్రిమినల్ కేసులున్నాయా" అన్నచోట ఏం రాయాలి? లేవని రాయాలి, ఎందుకంటే లేవు.

బంధువుల సంగతి ఎక్కువ రాయను. ఇద్దరు ఇంటికొచ్చి వాడి ఎదురుగానే "నేరం కదరా, పాపం కదరా" అన్నారు, నాన్న జీవితంలో మొదటిసారి ఎవర్నో గుమ్మం బయటికి వెళ్లమన్నారు.

ఆగస్టు చివర్లో మామయ్య ఫోన్ చేశాడు. వాళ్ల వీధిలో ఒకమ్మాయి, ఇలాగే, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు, ఆ చట్టం కాగితం ఫొటో పెట్టమన్నాడు. పెట్టాను. "డాక్టర్‌కి నిజమే చెప్పమను మామయ్యా" అన్నాను. "ముందే చెప్పానమ్మా" అన్నాడు. గొంతు అదోలా ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటికొచ్చింది.

తమ్ముడు రోజుకి రెండు గంటలు చదువుతున్నాడు, అంతకన్నా వద్దన్నారు. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు గదిలోంచి రాడు, అప్పుడు తలుపు గడియ పెట్టకూడదన్నది మా ఇంటి ఒప్పందం. తర్వాతి ఫాలోఅప్ అక్టోబర్ 14, మంగళవారం. నేను గుర్తుచేయబోతే తన ఫోన్‌లో అలారం పెట్టుకున్నానని చూపించాడు.